సభ మౌనం ఎవరి ఖాతాలో జమ అవుతుంది?

మీరు అడిగినవి నిజానికి మూడు ప్రశ్నలు. భీమవరం పక్కన మీ నాన్నగారు రొయ్యల చెరువులు చేస్తున్నారు, మీరు ఇక్కడ బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తున్నారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని ముందు 25 శాతం, 27వ తేదీ నుంచి 50 శాతం చేసింది. కౌంటు ధరలు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన ఇచ్చే ధరలు, పడిపోయాయని ఆయన ఫోనులో చెప్పిన రాత్రి మీకు నిద్ర పట్టలేదన్నారు. ఒక్క మనిషి సంతకంతో ఇది ఎలా కుదిరింది? అంత పెద్ద దేశపు చట్టసభ ఎందుకు చేతులు కట్టుకుని కూర్చుంది? రేపు మన దగ్గర ఇలా జరగదని నమ్మకం ఏమిటి?

నేను న్యాయవాదిని కాను. మాది అనంతపురం జిల్లా. బెంగళూరులో ఆడిట్ శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ప్రభుత్వం ఖర్చు పెట్టిన ప్రతి రూపాయికీ సభ అనుమతి ఉందా లేదా అని చూడటమే మా వృత్తి. కాబట్టి ఈ సమాధానానికి లెక్కల పుస్తకం వాసన ఉంటుంది, కాస్త ఓర్చుకోండి.

ముందుగా ఒక తికమక తీర్చాలి. ఇంగ్లీషులో ఇద్దరికీ ఒకే మాట గాని, తెలుగులో మనకు రెండు మాటలున్నాయి: అధ్యక్షుడు, రాష్ట్రపతి. అమెరికా అధ్యక్షుడు ప్రభుత్వాన్ని తానే నడుపుతాడు, సభలో మెజారిటీ లేకపోయినా అతని కుర్చీ కదలదు. మన రాష్ట్రపతి 74వ అధికరణం ప్రకారం మంత్రివర్గం సలహా మేరకే సంతకం చేస్తారు. అందుకని ఇక్కడ అలాంటి దూకుడు ఎక్కడ ఉందో వెతకాలంటే చూడవలసింది మంత్రివర్గం వైపు.

ఇక అసలు సంగతి. 1990ల నడుమ ఒక జిల్లా కార్యాలయంలో తనిఖీకి వెళ్లాను. ముందు డబ్బు తీసుకుని, ఖర్చయ్యాక వివరమైన లెక్క ఇచ్చే బిల్లులుంటాయి, వాటిని ఏసీ బిల్లులంటారు. అక్కడ ఏళ్ల తరబడి లెక్క ఇవ్వని ఏసీ బిల్లులు కట్టలుగా పడి ఉన్నాయి. ఎందుకిలా అంటే, అక్కడి అధికారి నాకు కాఫీ తెప్పించి, "ఇన్నేళ్లుగా ఎవరూ అడగలేదు సార్, అంటే అభ్యంతరం లేనట్టే కదా" అన్నాడు. ఆయన దొంగ కాదు, మంచి మనిషే. అడగకపోవడాన్ని అనుమతిగా రాసుకున్నాడు, అంతే. ఆ రోజు నుంచి ఏ చట్టం చేతికొచ్చినా నేను మొదట చూసేది ఒక్కటే: సభ నోరు మెదపకుండా కూర్చుంటే ఏమవుతుంది? ఉత్తర్వు దానంతట అదే పడిపోతుందా, దానంతట అదే సాగిపోతుందా? ఎవరికి ఎన్ని అధికారాలు ఇచ్చారన్నది ఆ తరువాత చదువుతాను.

ఆ కళ్లతో అమెరికాను చూడండి. పన్నులు, సుంకాలు వేసే అధికారాన్ని వాళ్ల రాజ్యాంగం మొదటి అధికరణమే కాంగ్రెస్‌కు, అంటే ప్రతినిధుల సభ (దిగువ సభ), సెనేట్ కలిసిన వాళ్ల చట్టసభకు ఇచ్చింది. యుద్ధం ప్రకటించే అధికారమూ దానిదే. ఆ పని అది చివరిసారి చేసింది 1942లో. కొరియా, వియత్నాం, ఇరాక్ అన్నీ ఆ ప్రకటన లేకుండానే జరిగిపోయాయి. సుంకాల కథా ఇలాంటిదే. విదేశాల నుంచి అసాధారణమైన ముప్పు ఉందని అత్యవసర పరిస్థితి ప్రకటిస్తే, విదేశీ లావాదేవీలను అధ్యక్షుడు నియంత్రించవచ్చని 1977లో కాంగ్రెసే ఒక చట్టం చేసింది. అందులో సుంకం అన్న మాట లేదు. దాదాపు అర్ధ శతాబ్దం పాటు ఏ అధ్యక్షుడూ దానితో సుంకం వేయలేదు. 2025లో ట్రంప్ వేశారు. ఏప్రిల్ 2న ప్రపంచంలో దాదాపు అన్ని దేశాల మీదా వేశారు.

మరి ఆపే మార్గం పెట్టలేదా? పెట్టారు. 1976 నాటి అత్యవసర పరిస్థితుల చట్టం ప్రకారం రెండు సభలూ మామూలు మెజారిటీతో తీర్మానిస్తే చాలు, అధ్యక్షుడి సంతకం అక్కర్లేకుండానే అత్యవసర పరిస్థితి ముగిసిపోయేది. చక్కటి తాళం. ఆ తాళం విరగడానికి కారణం మన వాడే కావడం నాకు ఎప్పుడూ వింతగా ఉంటుంది. జగదీశ్ రాయ్ చద్దా అని, కెన్యాలో పుట్టిన భారతీయ సంతతి విద్యార్థి. వీసా గడువు తీరిపోయాక, అతన్ని దేశం నుంచి పంపించనక్కర్లేదని అక్కడి వలసల న్యాయాధికారి తేల్చాడు. ఆ నిర్ణయాన్ని ప్రతినిధుల సభ ఒక్కటే ఓటు వేసి కొట్టేసింది. అతను కోర్టుకెళ్లాడు. 1983లో సుప్రీంకోర్టు 7–2తో అతని పక్షాన తీర్పిస్తూ, అధ్యక్షుడి ముందుకు వెళ్లని తీర్మానానికి చట్టం బలం ఉండదని చెప్పింది. చద్దా అక్కడే ఉండిపోయాడు గాని, అదే తర్కానికి అత్యవసర పరిస్థితుల చట్టంలోని తాళం కూడా చిక్కింది. 1985లో కాంగ్రెస్ దాన్ని సవరించింది. ఇప్పుడు రద్దు తీర్మానం కూడా అధ్యక్షుడి సంతకానికే వెళ్లాలి. తన ఉత్తర్వును రద్దు చేసే కాగితం మీద తానే సంతకం చేసేవాడు ఎవడుంటాడు? వీటో చేస్తాడు. వీటోను దాటాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు కావాలి.

2019లో ఇది అచ్చంగా జరిగింది. మెక్సికో సరిహద్దు గోడకు డబ్బివ్వడానికి కాంగ్రెస్ ఒప్పుకోకపోతే ట్రంప్ ఫిబ్రవరి 15న అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ప్రతినిధుల సభ 245–182తో, సెనేట్ 59–41తో దాన్ని రద్దు చేశాయి. సెనేట్‌లో ఆయన సొంత పార్టీ వారే 12 మంది అటు ఓటేశారు. ఆయన వీటో చేశారు. ప్రతినిధుల సభలో తిరిగి ఓటింగు పెడితే 248–181 వచ్చింది, అది మూడింట రెండొంతులకు చాలదు. రెండు సభలూ వద్దన్న పని సాగిపోయింది. వద్దన్నా ఆగనిది, ఊరకుంటే ఆగుతుందా? ఇరాన్ విషయంలో 1979 నవంబరులో కార్టర్ ప్రకటించిన అత్యవసర పరిస్థితిని ఆ తరువాత వచ్చిన అధ్యక్షులంతా ఏటా పొడిగిస్తూనే ఉన్నారు. ఆడిటర్ భాషలో చెప్పాలంటే, అక్కడ సభ మౌనం మొత్తం అధ్యక్షుడి ఖాతాలో జమ.

ఇంతవరకు కోర్టు తీర్పును నిందించవచ్చు. 2025లో జరిగినదానికి నిందించడానికి వేరెవరూ లేరు. ఎవరైనా సభ్యుడు రద్దు తీర్మానం పెడితే దాన్ని పరిశీలించే సభా సంఘం దాన్ని 15 క్యాలెండర్ రోజుల్లో సభ ముందుకు తేవాలి, మూలన పడేయడానికి వీల్లేదు, అని ఆ చట్టంలో ఇంకా ఒక మంచి నిబంధన మిగిలి ఉంది. ఓటింగు జరిగితే పేరు పేరునా ఎవరెటో తెలిసిపోతుంది, సొంత ఊళ్లో సుంకాల దెబ్బ తిన్న రైతుకు జవాబు చెప్పుకోవాలి. దాన్ని తప్పించుకోవడానికి 2025 మార్చిలో ప్రతినిధుల సభలోని మెజారిటీ పక్షం ఏం చేసిందో తెలుసా? కెనడా, మెక్సికో, చైనా సుంకాలకు ఆధారమైన అత్యవసర పరిస్థితి విషయంలో, ఆ ఏటి సమావేశాలు ముగిసేదాకా ఏ రోజూ క్యాలెండర్ రోజుగా లెక్కకు రాదని ఒక నిబంధన ఆమోదించుకుంది! పొద్దు పొడుస్తుంది, పొద్దు గుంకుతుంది, కాని రోజు గడవదు. మన పంచాంగకర్తలు అధిక మాసం కలపడం చూశాం, క్షయ మాసం తీసేయడం విన్నాం. ఏడాదిలో మిగిలిన రోజులన్నిటినీ ఒక్క ఓటింగుతో మింగేసిన పంచాంగం మాత్రం నేను ఎక్కడా చూడలేదు. ఏప్రిల్‌లో ప్రపంచ సుంకాల మీద ఓటింగుకు కూడా సెప్టెంబరు 30 వరకు ఇలాగే అడ్డుకట్ట వేశారు. అక్టోబరు 30న సెనేట్ 51–47తో ఆ సుంకాల అత్యవసర పరిస్థితి రద్దు కావాలని తీర్మానించింది గాని, దిగువ సభలో అది కదలలేదు.

చివరికి కోర్టుకు వెళ్లింది ఎవరు? కాంగ్రెస్ కాదు. వైన్ దిగుమతి చేసుకునే ఒక చిన్న వ్యాపార సంస్థ, అలాంటివే మరికొన్ని, పన్నెండు రాష్ట్రాలు. 2025 ఆగస్టు 29న అప్పీలు కోర్టు 7–4తో, 2026 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 6–3తో, 1977 చట్టం సుంకాలు వేసే అధికారం ఇవ్వలేదని తేల్చాయి. సభ చేయవలసిన పని చిల్లర వర్తకులు చేశారు, అదీ ఇన్ని నెలల తరువాత.

ఇదే పని చురుగ్గా జరిగిన చోటు కూడా ఉంది. 2024 డిసెంబరు 3 రాత్రి దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సైనిక పాలన ప్రకటించాడు. సైనికులు సభను చుట్టుముట్టినా, కొందరు గోడలు దూకి మరీ, 300 మంది సభ్యుల్లో 190 మంది లోపలికి చేరారు. రెండున్నర గంటల్లోనే 190–0తో రద్దు కోరారు. అక్కడి రాజ్యాంగం 77వ అధికరణం ప్రకారం సభ మొత్తం సభ్యుల్లో మెజారిటీ అడిగితే అధ్యక్షుడు ఎత్తేసి తీరాలి, వీటో లేదు. తెల్లవారేసరికి ఎత్తేశాడు. ఆ సభ్యుల ధైర్యం గొప్పదే. కాని అమెరికా లెక్క అక్కడ ఉండి ఉంటే ఆ 190 ఓట్లతోనే పని తీరేది కాదు, ఆ తీర్మానాన్ని అధ్యక్షుడు వీటో చేయగలిగేవాడు.

ఇప్పుడు మన సంగతి. బెంగళూరులో ఫ్రీడం పార్క్ చూశారా? ధర్నాలు జరిగే చోటు. ఒకప్పుడు అది సెంట్రల్ జైలు. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ ప్రకటన మీద రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం చేశారు. మంత్రివర్గానికి సంగతి తెలిసింది మర్నాడు ఉదయం, సంతకం అయ్యాక. ఆ ఉదయం అద్వానీ, వాజ్‌పేయి, మధు దండవతే బెంగళూరులోనే ఉన్నారు. ఎందుకున్నారంటే పార్లమెంటు సంఘం పని మీద. ఫిరాయింపుల నిరోధక బిల్లును పరిశీలిస్తున్న సంయుక్త సంఘం సమావేశానికి వచ్చారు. ఇక్కడే అరెస్టు చేసి ఆ జైల్లోనే పెట్టారు. చట్టసభ పని మీద వచ్చిన సభ్యులను కార్యనిర్వాహక వర్గం జైల్లో వేసిన గదులు ఇప్పటికీ చూడవచ్చు. నేను వారానికి రెండు మూడు సార్లు అటు నడకకు వెళ్తాను.

ఆ రోజుల్లో రాజ్యాంగంలోని లెక్క ఎలా ఉండేదంటే, ప్రకటనను రెండు నెలల్లో పార్లమెంటు ఒక్కసారి మామూలు మెజారిటీతో ఆమోదిస్తే చాలు, ఆపైన ప్రభుత్వం ఎత్తేసేదాకా సాగుతుంది. చైనాతో యుద్ధం నెల రోజుల్లో ముగిసింది, 1962 అక్టోబరులో పెట్టిన అత్యవసర పరిస్థితి మాత్రం 1968 జనవరి వరకు ఉంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధానికి పెట్టినది 1977 దాకా ఉంది, దాని మీదే 1975ది ఇంకొకటి పెట్టారు! ఇదంతా మౌనం ఖాతాలోనే రాసుకోవాలి.

1978లో 44వ సవరణ చేసినవాళ్లు ఆ జైలు అన్నం తిన్నవాళ్లు కాబట్టి ఖాతా ఎక్కడ మార్చాలో వాళ్లకు తెలుసు. మంత్రివర్గం లిఖితపూర్వకంగా చెబితే తప్ప రాష్ట్రపతి సంతకం చేయకూడదు. నెల రోజుల్లో రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఆమోదం రావాలి. ఆరు నెలలకోసారి మళ్లీ రావాలి. రాకపోతే ప్రకటన దానంతట అదే పోతుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది ఇంకొకటి: లోక్‌సభలో పదోవంతు సభ్యులు నోటీసు ఇస్తే 14 రోజుల్లో ప్రత్యేకంగా సభ పెట్టాలి, రద్దు చేయడానికి మామూలు మెజారిటీ చాలు. పెట్టడానికి రెండొంతులు, తీయడానికి సగం. అమెరికాలో సరిగ్గా తలకిందులు.

రాష్ట్రపతి పాలన విషయంలో ఈ మార్పు కోర్టు ద్వారా వచ్చింది, అదీ ఈ ఊరి కేసుతో. 1989 ఏప్రిల్‌లో కర్ణాటకలో ముఖ్యమంత్రి బొమ్మై ప్రభుత్వానికి మెజారిటీ లేదని గవర్నరు నివేదిక పంపారు. ఆ గవర్నరు మన కర్నూలు జిల్లాకు చెందిన పెండేకంటి వెంకటసుబ్బయ్య. సభలో నిరూపించుకుంటానని బొమ్మై అన్నా వినలేదు, ప్రభుత్వాన్ని తీసేసి రాష్ట్రపతి పాలన పెట్టారు. అంతకు అయిదేళ్ల ముందు హైదరాబాదులో ఎన్టీఆర్‌నూ సభలో బలం చూపనివ్వకుండానే గవర్నరు తీసేశారు, ఆయన ఎమ్మెల్యేలను దాచుకోవడానికి మన నంది కొండల దాకా రావలసి వచ్చింది. 1994లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తేలవలసింది సభలోనేనని చెప్పింది. పార్లమెంటు ఆమోదించేదాకా అసెంబ్లీని రద్దు చేయకూడదని, ఆమోదం రాకపోతే తీసేసిన ప్రభుత్వం తిరిగి లేస్తుందని కూడా చెప్పింది.

ఆర్డినెన్సుల్లో ఖాతా మొదటి నుంచీ సరైన చోటే ఉంది. సభ తిరిగి కూర్చున్న ఆరు వారాలకు ఆర్డినెన్సు చచ్చిపోతుంది. అయినా దారి వెతికారు. బీహారులో 1967 నుంచి 1981 వరకు 256 ఆర్డినెన్సులు తెచ్చారు. గడువు తీరగానే అదే కాగితాన్ని కొత్త తేదీతో మళ్లీ జారీ చేసేవారు. కొన్ని 14 ఏళ్ల దాకా బతికాయి. పుణెలో డి.సి. వాధ్వా అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడు గెజిట్లు ముందు వేసుకుని ఓపికగా లెక్క కట్టి సుప్రీంకోర్టుకెళ్లాడు. 1986లో కోర్టు దాన్ని రాజ్యాంగాన్ని మోసగించడమేనని చెప్పి, ఆయనకు 10,000 రూపాయలు ఖర్చుల కింద ఇప్పించింది. మా ఆడిట్ శాఖ వాళ్లకు ఆయన దేవుడు. ఆ పని బీహారు శాసనసభలో కూర్చున్న ఒక్క సభ్యుడికీ ఎందుకు తట్టలేదన్నది మీరు ఆలోచించుకోండి.

కాగితం మీద మన ఏర్పాట్లు అమెరికా కన్నా మేలే అని ఇంతసేపూ చెప్పాను. మన జబ్బు వేరు. అమెరికాలో 12 మంది సొంత పార్టీ అధ్యక్షుడికి ఎదురు ఓటేసి మర్నాడు అదే కుర్చీలో కూర్చోగలిగారు. మన దగ్గర 1985 నాటి పదో షెడ్యూలు తరువాత విప్‌ను, అంటే ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. ఫిరాయింపులు ఆపాలని తెచ్చిన చట్టం అది. కాని ప్రతి బిల్లుకూ, ప్రతి తీర్మానానికీ విప్ ఇస్తున్నారు. ఇంక మంత్రివర్గాన్ని ప్రశ్నించే అధికార పక్ష సభ్యుడు ఎక్కడి నుంచి వస్తాడు? విశ్వాస పరీక్షకూ, బడ్జెట్‌కూ తప్ప విప్ అక్కర్లేదని నా అభిప్రాయం. దీని మీద నాతో వాదించేవాళ్లు చాలామందే ఉన్నారు, మా ఇంట్లో కూడా.

డబ్బు సంగతి కొంచెం చెప్పనివ్వండి, అది నా సొంత పొలం. అమెరికాలో కాంగ్రెస్ కేటాయించిన డబ్బును ఖర్చు పెట్టకపోవడం కూడా తప్పే. అధ్యక్షుడు నిక్సన్ అలా పెద్ద మొత్తాలు ఆపేస్తే 1974లో చట్టం చేశారు: ఖర్చు వద్దనుకుంటే అధ్యక్షుడు కాంగ్రెస్‌ను అడగాలి, 45 రోజుల్లో అది ఒప్పుకోకపోతే డబ్బు విడుదల చేయాలి. మౌనం సభ ఖాతాలోనే. బాగుంది కదా? 2025 ఆగస్టు చివర్లో 490 కోట్ల డాలర్ల విదేశీ సాయం వద్దంటూ ట్రంప్ ఉత్తరం పంపారు. వాళ్ల ఆర్థిక సంవత్సరం సెప్టెంబరు 30తో ముగుస్తుంది. 45 రోజులు గడిచేలోగా డబ్బే మురిగిపోతుంది. మళ్లీ క్యాలెండరే! మార్చి 31 రాత్రి ఖజానా కార్యాలయం చూసినవాడిని, ఈ ఎత్తు చదివి నవ్వొచ్చింది. మన దగ్గరైతే అంత కష్టం కూడా అక్కర్లేదు. సభ మంజూరు చేసేది ఖర్చుకు పైహద్దు మాత్రమే. ఖర్చు చేయకపోతే మిగులు అని రాసి తిరిగి జమ చేస్తారు, మేము నివేదికలో ఒక పేరా రాస్తాం. ఆ మంజూరైనా చర్చించి ఇస్తున్నారా అంటే, 2018లో, 2023లో లోక్‌సభ ఏ ఒక్క శాఖ పద్దు మీదా చర్చ లేకుండా అన్నిటినీ గిలెటిన్ చేసి ఒక్క ఊపున ఆమోదించింది.

మీ చివరి ప్రశ్న: మన ప్రభుత్వం రాత్రికి రాత్రి సుంకం మార్చగలదా? మార్చింది. 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టంలో 8ఎ అనే సెక్షను ఉంది. పుల్వామా దాడి తరువాత, 2019 ఫిబ్రవరి 16న దాని కింద పాకిస్తాన్ సరుకు మీద సుంకం 200 శాతం చేశారు. అలాంటి నోటిఫికేషన్‌ను సభల ముందు పెట్టాలి, సభలు మార్చమంటే మార్చాలి. కాని సభ ఏమీ అనకపోతే అది పడిపోతుందని ఆ సెక్షను చెప్పదు. ఆ రోజు అటారీ సరిహద్దులో నోటిఫికేషన్ రాకముందే కాగితాలు దాఖలు చేసిన దిగుమతిదారులను కూడా 200 శాతం కట్టమన్నారు. ఒక రైస్ మిల్లు వాళ్ల కేసుతో పాటు అవన్నీ సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. నోటిఫికేషన్ గెజిట్‌లోకి ఎక్కింది రాత్రి 20 గంటల 46 నిమిషాల 58 సెకన్లకు, అంతకు ముందు దాఖలైనవాటికి అది వర్తించదు అని 2020లో కోర్టు చెప్పింది.

మీ నాన్నగారికి ఒక మాట చెప్పండి. అమెరికాలో సుంకం కట్టేది అక్కడి దిగుమతిదారు, కాబట్టి తిరిగొస్తే అతనికే వస్తుంది. ఆయన సరుకు కొన్న ఎగుమతి సంస్థ సుంకం పేరు చెప్పి ధర ఎంత తగ్గించింది, ఏ తేదీన, ఏ కౌంటుకు, అన్నది చీటీలతో సహా దాచుకోమనండి. ఆ సంస్థకు కొనుగోలుదారు నుంచి ఏమైనా వెనక్కి వస్తే మాట్లాడటానికి ఆ చీటీలే ఆధారం.